గడప కనపడలేదంది నానమ్మ

మా నానమ్మది భద్రాచలానికి ఎదురొడ్డున, బూర్గంపాడు దగ్గర పల్లెటూరు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చినప్పుడు మా మట్టిల్లు నాని కూలిపోయింది. 1986లో 75.6 అడుగులొచ్చినప్పుడు కూలితే మళ్ళీ కట్టుకున్న ఇల్లే అది. ఈసారి స్లాబు వేయించాం. రంగులు, టైల్స్, గ్రానైటు సెలెక్షన్ మొత్తం నాదే, హైదరాబాదులో లాప్‌టాప్ ముందు కూర్చుని.

గృహప్రవేశమైన నెలకే, తెల్లారకముందు కళ్ళాపి చల్లడానికి బయల్దేరిన నానమ్మ వీధి గడప తన్నుకుని పడింది. మణికట్టు విరిగింది. "పాతింట్లో అన్నేళ్ళు చీకట్లో తిరిగిన, ఏనాడన్న పడ్డన్నారా? ఈ గడప కానొస్తేగా" అంది.

నల్ల గ్రానైటు గడప, ముదురు బూడిదరంగు టైల్స్. స్క్రీన్ మీద అదిరిపోయింది మరి! మరకలు పడతాయి, పసుపు రాయొద్దన్నదీ నేనే.

ఇంతకీ మనం స్క్రీన్ మీద రంగుకిచ్చే ఆరంకెల కోడ్ చరిత్ర ఏంటో చూశాను. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీకి పునాది 1931 నాటి సీఐఈ ప్రమాణం. దాని వెనక ఇంగ్లండులో రైట్, గిల్డ్ అనే ఇద్దరు విడివిడిగా చేసిన కొలతలున్నాయి. రైట్ దగ్గర పదిమంది, గిల్డ్ దగ్గర ఏడుగురు. మొత్తం పదిహేడు మంది కళ్ళు! వాళ్ళకి చూపించిన రంగు మచ్చ రెండు డిగ్రీలంత. అంటే చెయ్యి చాపితే బొటనవేలి వెడల్పు. మసక వెలుతురు దాని పరిధిలోనే లేదు. ఇల్లేమో చుట్టూ నాలుగువైపులా ఉంటుంది, సగం రోజు మసగ్గానే ఉంటుంది.

మసక సంగతి అంతకుముందే ఒకాయన పట్టుకున్నాడు. బొహీమియాకి చెందిన పుర్కిన్యె. పగలు నిగనిగలాడే ఎర్రరంగు తెల్లవారుజామున అన్నిటికన్నా నల్లగా కనిపిస్తోందని, నీలం మాత్రం ముందే తేరుకుంటోందని 1825లో రాశాడు. కారణం తర్వాత తెలిసింది. వెలుతురు తగ్గితే రెటీనాలో కోన్లు పక్కకి తప్పుకుని రాడ్లు పని అందుకుంటాయి. రాడ్లకి ఎరుపు దాదాపు ఆనదు.

ఇప్పుడు మా పాతిల్లు గుర్తు చేసుకోండి. ఒకటే కిటికీ. సున్నం గోడలు, అడుగున జాజు పట్టె, గడపకి పసుపు, మీద కుంకుమ బొట్లు. మసకలో జాజు నల్లబడుతుంది, దాని పైన సున్నం తెల్లగా తేలుతుంది, గోడ ఎక్కడ మొదలయ్యిందో తెలిసిపోతుంది. పసుపు లేతగా నిలబడుతుంది, దాని మీద కుంకుమ నల్లచుక్కవుతుంది. రంగులు పోయినా గీతలు మిగుల్తాయన్నమాట.

ఆగండాగండి, "మన పూర్వీకులకి సైన్సంతా ముందే తెలుసు" అనే ఫార్వర్డ్ మెయిల్ కాదిది :) నానమ్మ పసుపు రాసింది లక్ష్మీదేవి కోసం. రాడ్ల కోసం కాదు. జాజు పట్టె వాన చినుకుల బురద కనపడకుండా కూడా పనికొస్తుంది. ఎవరూ డిజైన్ చెయ్యలేదు, కానీ పనిచేసింది. పనిచేస్తున్న కోడ్‌ని ఎందుకుందో తెలీకుండా తీసేసిన వాణ్ణి నేను.

అన్నట్టు, అంతా పాతకాలపుదీ కాదు. సున్నంలో కలిపే నీలిమందు పొడి, అదే బట్టలకి పెట్టేది, కృత్రిమ అల్ట్రామెరైన్. అసలు అల్ట్రామెరైన్ ఆఫ్ఘనిస్తాన్ బదఖ్షాన్ గనుల రాయిని నూరితే వచ్చేది, ఒకప్పుడు బంగారంతో పోటీపడే ధర. చౌకగా చేసే పద్ధతికి ఫ్రాన్సులో గిమే అనే ఆయన 1828లో బహుమతి కొట్టాడు. సున్నంలో పసుపు ఛాయని ఆ నీలం చంపేస్తుంది. నిజానికి గోడ కొంచెం మసకబారుతుంది, కంటికి మాత్రం ఇంకా తెల్లగా అనిపిస్తుంది.

నానమ్మకి ఎనభై దాటాయి. వయసుతో కంటి కటకం పచ్చబడుతుంది, లోపలికి వెళ్ళే వెలుతురూ తగ్గుతుంది. నా కళ్ళతో ఎంచింది ఆవిడకి సరిపోతుందని ఎలా అనుకున్నానో!

మొన్న వెళ్ళినప్పుడు పెయింటర్ని పిలిచాను. ఏ షేడు కావాలి సార్ అంటూ క్యాటలాగు తీశాడు. అది పక్కన పెట్టించి, సాయంత్రం దాకా ఆగి, లైట్లాపించి, నాలుగు పసుపు ఎనామిల్ డబ్బాల మూతలు వరసగా గడప మీద పెట్టించాను. నానమ్మ పట్టీ కట్టిన చెయ్యి పట్టుకునే వచ్చి, రెండోది చూపించింది.