కింగ్స్‌గ్లేవ్: ఫైనల్ ఫాంటసీ 15

కింగ్స్‌గ్లేవ్: ఫైనల్ ఫాంటసీ 15 జపాన్‌కు చెందిన స్క్వేర్ ఎనిక్స్ సంస్థ నిర్మించిన కంప్యూటర్ యానిమేషన్ చిత్రం. 2016 జులై 9న జపాన్ థియేటర్లలో విడుదలైంది. అదే ఏడాది నవంబరు 29న వెలువడిన ఫైనల్ ఫాంటసీ 15 అనే రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్‌కు ఇది జంటగా వచ్చింది. దర్శకుడు తకేషి నోజుయె, రచయిత తకాషి హసెగావా. నిడివి రెండు గంటలకు కొంచెం తక్కువ. గేమ్ యువరాజు నాక్టిస్ ప్రయాణాన్ని చెబుతుంది. అతడు రాజధాని దాటి వెళ్లాక అక్కడ ఏం జరిగిందో, తండ్రి రెజిస్ ఎలా చనిపోయాడో చెప్పే భారం ఈ చిత్రం మీద పడింది.

గ్లేవ్ అంటే పొడవాటి కర్ర చివర కత్తి అలుగు బిగించిన పాతకాలపు ఐరోపా ఆయుధం. కథలో కింగ్స్‌గ్లేవ్ అనేది రాజు వద్ద మంత్రశక్తిని అరువు తీసుకుని పోరాడే ప్రత్యేక సైనిక దళం పేరు.

పూర్వరంగం

ఫైనల్ ఫాంటసీ వరుసలో తొలి గేమ్ 1987 డిసెంబరు 18న నింటెండో వారి ఫామికామ్ గేమ్ యంత్రం మీద వచ్చింది. సృష్టికర్త స్క్వేర్ సంస్థకు చెందిన హిరోనోబు సకగుచి. అప్పటి బొమ్మలు గళ్లకాగితం మీద రంగులద్దినట్టు ఉండేవి, సంభాషణలన్నీ తెర మీద అక్షరాలే. 1997 జనవరి 31న ప్లేస్టేషన్ మీద వచ్చిన ఏడో గేమ్‌తో పరిస్థితి మారింది. సీడీలలో చోటు పెరిగింది కాబట్టి, కథ మలుపు తిరిగే చోట్ల ముందే తయారుచేసిన యానిమేషన్ దృశ్యాలు పెట్టగలిగారు. ఆడేవాళ్లు కాసేపు మీటలు వదిలేసి ఆ దృశ్యాలను కళ్లప్పగించి చూసేవారు. ఈ వరుసలోని సినిమాలన్నీ ఆ చిన్న దృశ్యాల నుంచి పుట్టినవే.

సకగుచి అక్కడితో ఆగలేదు. స్క్వేర్ పిక్చర్స్ పేరుతో హవాయి దీవుల్లోని హోనొలులులో ఒక స్టూడియో నెలకొల్పి, మనుషులను మనుషుల్లాగే చూపించే పూర్తి నిడివి కంప్యూటర్ చిత్రం తలపెట్టారు. దాని పేరు ఫైనల్ ఫాంటసీ: ది స్పిరిట్స్ వితిన్. దాదాపు 200 మంది నాలుగేళ్లు శ్రమించారు. మొత్తం 1,41,964 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము రెండరింగ్‌కు, అంటే కంప్యూటర్ తుది బొమ్మను గీయడానికి, సగటున గంటన్నర పట్టేది. అందుకోసం 960 కంప్యూటర్లను ఒకదానికొకటి కలిపి పనిచేయించారు. కథానాయిక ఆకి రాస్ తల మీది 60,000 వెంట్రుకలను విడివిడిగా కదిలేలా తీర్చారు. ఆమెకు మింగ్-నా వెన్ గొంతు ఇచ్చారు. మిగతా పాత్రలకు అలెక్ బాల్డ్‌విన్, డొనాల్డ్ సదర్లాండ్, స్టీవ్ బుషెమీ వంటి పేరున్న నటులు పలికారు. సంగీతం ఎలియట్ గోల్డెంతాల్ సమకూర్చారు.

చిత్రం 2001 జులై 11న అమెరికాలో విడుదలైంది. ఆ బొమ్మల పనితనాన్ని మెచ్చుకున్నవారిలో ప్రసిద్ధ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఒకరు. జనం మాత్రం రాలేదు. 13.7 కోట్ల డాలర్ల ఖర్చుకు ప్రపంచమంతటా కలిపి వచ్చింది సుమారు 8.5 కోట్లు. 2065 నాటి భూమి మీద అన్యగ్రహ ఛాయలతో సాగే ఆ కథలో ఫైనల్ ఫాంటసీ అభిమానులు ఎరిగిన రాజ్యాలు, స్ఫటికాలు, మంత్రాలు లేవు. గేమ్ ఆడనివాళ్లకు ఆ పేరు కొత్త, ఆడినవాళ్లకు ఆ లోకం కొత్త. ఓటమికి అసలు కారణం ఇదేనని చెప్పవచ్చు. యానిమాట్రిక్స్ అనే యానిమేషన్ సంకలనం కోసం ఫైనల్ ఫ్లైట్ ఆఫ్ ది ఒసిరిస్ అనే లఘుచిత్రం తీశాక హోనొలులు స్టూడియో మూతపడింది. 2003 ఏప్రిల్ 1న స్క్వేర్, ఎనిక్స్ సంస్థలు ఏకమై స్క్వేర్ ఎనిక్స్ అయ్యాయి. సకగుచి సంస్థను వీడి 2004లో మిస్ట్‌వాకర్ అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. అన్ని నష్టాల నడుమ కూడా ఆ చిత్రం యానిమేషన్ చరిత్రలో ఒక సాహసమే. అందులో నేర్చిన పాఠాలు వృథా కాలేదు.

రెండో ప్రయత్నం ఎంతో అణకువగా మొదలైంది. సంస్థలో గేమ్‌లకు యానిమేషన్ దృశ్యాలు తయారుచేసే విభాగం పేరు విజువల్ వర్క్స్. ఆ విభాగం ఏడో గేమ్‌కు కొనసాగింపుగా ఇరవై నిమిషాల చిన్న చిత్రం చేద్దామనుకుంది. అదే పెరిగి పెరిగి 101 నిమిషాల ఫైనల్ ఫాంటసీ 7: అడ్వెంట్ చిల్డ్రన్ అయింది. తెత్సుయా నోమురా దర్శకుడు, నోజుయె సహదర్శకుడు, రచన కజుషిగె నోజిమా. 2004లో వెనిస్ చలనచిత్రోత్సవంలో కొంత భాగం చూపించారు. 2005 సెప్టెంబరు 14న జపాన్‌లో థియేటర్ల జోలికి పోకుండా నేరుగా డీవీడీగా, చేతిలో పట్టే ప్లేస్టేషన్ కోసం చిన్న డిస్కుగా అమ్మకానికి పెట్టారు. ఈ కథకు ఏడో గేమ్ ఆడినవాళ్లే ప్రేక్షకులు. కొత్తవాళ్ల కోసం చిత్రం ఒక్క క్షణమైనా ఆగి ఏదీ వివరించదు. విమర్శకులు తప్పుపట్టారు, అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు. 2009లో దాదాపు 25 నిమిషాలు కలిపి బ్లూ-రే మీద సంపూర్ణ ప్రతిని తెచ్చారు. హోనొలులులో పోగొట్టుకున్న నమ్మకాన్ని సంస్థకు తిరిగి తెచ్చిన చిత్రం ఇది. పదేళ్ల తరువాత కింగ్స్‌గ్లేవ్ బాధ్యత నోజుయె చేతికి రావడంలో ఆశ్చర్యం లేదు.

పదేళ్ల ఎదురుచూపు

కింగ్స్‌గ్లేవ్ ఎందుకు పుట్టిందో తెలియాలంటే గేమ్ పుట్టుక తెలియాలి. 2006 మేలో అమెరికాలో జరిగిన ఇ3 ప్రదర్శనలో ఫైనల్ ఫాంటసీ వెర్సస్ 13 అనే గేమ్‌ను ప్లేస్టేషన్ 3 కోసం ప్రకటించారు. దర్శకుడు నోమురా. టోక్యోలోని షింజుకు ప్రాంతాన్ని తలపించే ఆకాశహర్మ్యాల నగరం, నల్ల దుస్తుల్లో ఒంటరి యువరాజు, మెట్ల మీద బారులు తీరిన శత్రుసైన్యం ఉన్న తొలి ట్రైలర్‌ను అభిమానులు ఏళ్ల తరబడి తిప్పి తిప్పి చూశారు. ఏళ్లు గడిచాయి, గేమ్ రాలేదు.

2013 జూన్‌లో అదే ఇ3 వేదిక మీద దాని పేరు ఫైనల్ ఫాంటసీ 15 అని మార్చి, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రాలకు తరలించారు. 2014లో నోమురా తప్పుకుని హజిమె తబాతా దర్శకుడయ్యారు. కథ చాలావరకు తిరగరాశారు. నాయికగా అనుకున్న స్టెల్లా స్థానంలో లూనాఫ్రేయా వచ్చింది. అసలు ఊహించిన కథ ఒక్క గేమ్‌లో ఇమడదు. దాన్ని భాగాలుగా విడదీసి అమ్మడానికి తబాతా ఇష్టపడలేదు. పాత ట్రైలర్లలో యువరాజు స్వయంగా పోరాడుతూ కనిపించిన రాజధాని ముట్టడి గేమ్‌లో నుంచి తొలగింది. ఆ ముట్టడే ఈ చిత్రానికి వస్తువైంది. ఈ విధంగా చూస్తే కింగ్స్‌గ్లేవ్ ఒక మహాకథ నుంచి విడిగా తీసి నిలబెట్టిన కాండ.

నిర్మాణం

2016 మార్చి 30న లాస్ ఏంజెలెస్‌లోని ష్రైన్ ఆడిటోరియంలో జరిగిన సభలో చిత్రాన్ని తొలిసారి ప్రకటించారు. నాక్టిస్, అతని ముగ్గురు మిత్రుల చిన్ననాటి కథలతో బ్రదర్‌హుడ్ అనే అయిదు భాగాల యానిమేషన్‌ను కూడా అదే రోజు మొదలుపెట్టారు. గేమ్‌ను సెప్టెంబరు 30న విడుదల చేస్తామని అక్కడ చెప్పిన మాట ఆగస్టులో మారి నవంబరు 29కి జరిగింది. గేమ్‌కు కాస్త ముందు రావలసిన చిత్రం, అలా నాలుగు నెలలకు పైగా ముందు వచ్చినట్టయింది.

ప్రధాన భారం విజువల్ వర్క్స్ మోసింది. హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లోని డిజిక్ పిక్చర్స్, కెనడాలో వాంకూవర్‌లోని ఇమేజ్ ఇంజిన్ వంటి విదేశీ సంస్థలు చేయి కలిపాయి. డిజిక్ అప్పటికే అసాసిన్స్ క్రీడ్ గేమ్‌ల ట్రైలర్లతో పేరు పొందింది. ఇమేజ్ ఇంజిన్ డిస్ట్రిక్ట్ 9 చిత్రానికి గ్రాఫిక్స్ చేసింది. నటుల కదలికలను మోషన్ క్యాప్చర్‌తో పట్టి బొమ్మలకు ఎక్కించారు. ఒక పాత్రకు కదలిక ఒకరిది, గొంతు మరొకరిది. జపనీస్ ప్రతిలో కథానాయకుడు నిక్స్‌కు గో అయానో, లూనాఫ్రేయాకు షియోరి కుత్సునా, రెజిస్‌కు త్సుతోము ఇసోబె గొంతు ఇచ్చారు. ఇంగ్లిష్ ప్రతిలో ఆ పాత్రలకు వరుసగా ఆరన్ పాల్, లీనా హెడీ, షాన్ బీన్ పలికారు. సంగీతం జాన్ ఆర్. గ్రాహం, గేమ్ స్వరకర్త యోకో షిమోమురా బాణీలు కూడా అందులో కలిశాయి. ఔడీ సంస్థ ఆర్8 కారును చిత్రం కోసం ప్రత్యేకంగా అలంకరించింది. అలాంటి నిజమైన కారు ఒకే ఒక్కటి తయారుచేసి జపాన్‌లో లాటరీ పద్ధతిలో అమ్మారు.

చర్మం మీది ముడతలు, నెరిసిన గడ్డం, తడిసిన వీధి మీద దీపాల వెలుగు వంటి వాటిలో ఈ చిత్రం చూపిన నేర్పు ప్రశంసనీయం. పదిహేనేళ్ల కింద ఆకి రాస్ ముఖంలో మిగిలిపోయిన మైనపు బొమ్మ పోలిక ఇక్కడ చాలావరకు తొలగింది. రెజిస్ ముఖం అందుకు మంచి ఉదాహరణ.

కథ

లూసిస్ రాజ్యం వద్ద పవిత్ర స్ఫటికం ఉంది. వంశపారంపర్యంగా వచ్చిన ఉంగరం ద్వారా దాని శక్తిని తీసుకుని రాజు రెజిస్ రాజధాని ఇన్సోమ్నియా చుట్టూ కంటికి కనిపించని కోటగోడ నిలిపాడు. ఆ గోడ నిలవడానికి అతడి ఆయుష్షు ఖర్చవుతోంది. వయసుకు మించి ముసలివాడై చేతికర్రతో నడుస్తున్నాడు. గోడ బయటి ప్రాంతాలను నిఫ్లైమ్ సామ్రాజ్యం ఒక్కొక్కటిగా మింగుతోంది. అలా ఇల్లూవాకిలీ పోగొట్టుకుని వచ్చిన కాందిశీకులే కింగ్స్‌గ్లేవ్ సైనికులు. గాలాడ్ ప్రాంతం నుంచి వచ్చిన నిక్స్ ఉల్రిక్ వారిలో మేటి.

సామ్రాజ్య మంత్రి ఆర్డిన్ ఇజునియా సంధి ప్రతిపాదన తెస్తాడు. ఇన్సోమ్నియా తప్ప మిగతా భూమి అంతా వదులుకోవాలి, టెనెబ్రే రాకుమారి లూనాఫ్రేయాను నాక్టిస్‌కు ఇచ్చి పెళ్లి చేయాలి. మోసమని తెలిసినా రెజిస్ ఒప్పుకుని కొడుకును ముందే ఊరు దాటిస్తాడు. తమ ఊళ్లను వదులుకున్నాడన్న కోపంతో దళంలోనే చీలిక వస్తుంది. సంధి రోజున సామ్రాజ్యం విరుచుకుపడి స్ఫటికాన్ని ఎత్తుకుపోతుంది. దళనాయకుడు టైటస్ డ్రాటోసే శత్రు సేనాని గ్లౌకా అని బయటపడుతుంది. అతడి చేతిలో రాజు చనిపోతాడు. ఉంగరం లూనాఫ్రేయాకు, ఆమె రక్షణ నిక్స్‌కు దక్కుతాయి.

రాజవంశీకుడు కాని నిక్స్ ఉంగరం తొడిగి పూర్వరాజుల ఆత్మలతో బేరమాడతాడు. తెల్లవారేదాకా శక్తి అతడిది, తెల్లవారాక ప్రాణం వాళ్లది. నగరంలోని పూర్వరాజుల శిలావిగ్రహాలు లేచి యుద్ధానికి దిగుతాయి. గ్లౌకాను చంపి, ఉదయపు వెలుగులో నిక్స్ బూడిదవుతాడు. మిత్రుడు లిబర్టస్ సాయంతో లూనాఫ్రేయా నగరం దాటుతుంది.

విడుదల, ఆదరణ

అమెరికాలో 2016 ఆగస్టు 19న కొద్ది థియేటర్లలో, ఆగస్టు 30న డిజిటల్‌గా, అక్టోబరు 4న డిస్కుగా వచ్చింది. 2017 మార్చిలో చైనా థియేటర్లకు చేరింది. థియేటర్ల రాబడి సుమారు 65 లక్షల డాలర్లు. స్పిరిట్స్ వితిన్‌తో పోలిస్తే ఇది చాలా తక్కువే. అయితే ఈ చిత్రం థియేటర్లనే నమ్ముకుని తీసింది కాదు. గేమ్ ఖరీదైన ప్రతులతో పాటు దీన్నీ కలిపి అమ్మారు.

విమర్శకుల తీర్పు ఎక్కువగా ప్రతికూలంగానే ఉంది. పేర్లు, దేశాలు, వంశాలు ఊపిరాడకుండా మీద పడతాయనీ, ఆఖరి అరగంటలో విగ్రహాలూ భూతాకారాలూ కలబడుతుంటే ఎవరు ఎవరో తెలియదనీ రాశారు. రెండో ఆరోపణ న్యాయమైనదే. మొదటిదాని విషయంలో ఒక మాట చెప్పాలి. కాందిశీకులు తమకు చోటిచ్చిన రాజు కోసం చావాలా, తమ ఊరిని వదులుకున్న రాజును ఎదిరించాలా అన్న ప్రశ్న అర్థం కావడానికి గేమ్ ఆడి ఉండనక్కర్లేదు. ఆ ప్రశ్నను సూటిగా అడిగినంత మేర కింగ్స్‌గ్లేవ్ తన కాళ్ల మీద నిలబడుతుంది.

తరువాత

గేమ్ విడుదలైన తొలి రోజే డిజిటల్ అమ్మకాలు, దుకాణాలకు పంపిన ప్రతులు కలిపి 50 లక్షలకు చేరాయి. తొలి రోజు ఇచ్చిన అప్‌డేట్‌లో చిత్రంలోని కొన్ని దృశ్యాలను గేమ్‌లోకి చేర్చారు. తబాతా 2018లో సంస్థను వదిలారు. గేమ్‌కు అదనంగా రావలసి ఉండి ఆగిపోయిన అధ్యాయాల కథ 2019లో నవలగా వెలువడింది.  2021లో కింగ్స్‌గ్లేవ్, అడ్వెంట్ చిల్డ్రన్ రెండూ 4కె డిస్కులుగా విడుదలయ్యాయి.

గేమ్ మొదటి అధ్యాయం చివర, గాల్డిన్ రేవులోని హోటల్లో ఒక ఉదయం నాక్టిస్ వార్తాపత్రిక ద్వారా రాజధాని కూలిందని తెలుసుకుంటాడు. ఆ ఘట్టం బరువు తెలియాలంటే గేమ్ మొదలుపెట్టే ముందే ఈ చిత్రం చూడటం మంచిది.