ఉప్పు ప్యాకెట్ మారిస్తే పక్షవాతం తగ్గుతుందా?

తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలో బీపీ ఉన్న 502 మందితో ఒక ప్రయోగం జరిగింది. వాళ్ళవి ఏడు పల్లెలు, సగటు వయసు అరవై దాటింది. చీటీ వేసినట్టుగా వాళ్ళను రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఇళ్ళకు మామూలు ఉప్పు ఇచ్చారు. రెండో జట్టుకు నూటికి 70 పాళ్ళు సోడియం క్లోరైడు, 30 పాళ్ళు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు ఇచ్చారు. ఎవరింట్లో ఏ ఉప్పు ఉందో వండేవాళ్ళకూ తెలియదు, బీపీ చూసేవాళ్ళకూ తెలియదు. మూడు నెలలయ్యాక చూస్తే, కలిపిన ఉప్పు వాడినవాళ్ళకు బీపీ పై అంకె మామూలు ఉప్పు జట్టుతో పోలిస్తే సగటున 4.6 తక్కువగా ఉంది. ఫలితాలు 2021లో అచ్చయ్యాయి.

నాలుగున్నర పాయింట్లు ఒక మనిషికి చిన్న సంగతే. ఆసుపత్రిలో కుర్చీలో కూర్చుని రెండుసార్లు చూపించుకుంటేనే అంతకన్నా ఎక్కువ తేడా రావచ్చు. జనం మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటే మాత్రం అది చిన్నది కాదు. బీపీ మందుల మీద జరిగిన 48 ప్రయోగాలను, దాదాపు 3 లక్షల 45 వేల మంది వివరాలను ఒకచోట చేర్చి 2021లో లెక్క కట్టారు. పై అంకె 5 తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు సుమారు 10 శాతం తగ్గుతాయని తేలింది. అది మందుల లెక్క. ఉప్పు వల్ల తగ్గిన బీపీకీ అంతే ఫలితం ఉంటుందని దాన్నిబట్టి చెప్పలేం. సిద్దిపేటలో లెక్కపెట్టింది బీపీని మాత్రమే. మూడు నెలల్లో, ఐదు వందల మందిలో పక్షవాతాల తేడా బయటపడదు.

అసలు మనం ఎంత ఉప్పు తింటున్నాం? దీనికి నమ్మదగిన జవాబు కావాలంటే మనిషిని అడిగి లాభం లేదు. కూరలో వేసింది గుర్తుంటుందేమో గానీ చారులో, పచ్చట్లో, పెరుగన్నంలో పడింది ఎవరికీ గుర్తుండదు. అందుకే పరిశోధకులు మూత్రాన్ని కొలుస్తారు. తిన్న సోడియంలో సుమారు 90 శాతం మూత్రంలోనే బయటికి పోతుంది. పొద్దున లేవగానే మొదటిసారి వచ్చినదాన్ని వదిలేసి, అప్పటినుంచి మర్నాడు పొద్దుటి మొదటిసారి దాకా వచ్చినదంతా ఒక డబ్బాలో పట్టాలి. ఆ డబ్బాను పొలానికైనా, పనికైనా వెంట తీసుకెళ్ళాలి. ఒక్కసారి మరిచిపోయినా ఆ రోజు లెక్క తప్పుతుంది. ఇంత ఇబ్బంది పడి ఆంధ్రప్రదేశ్‌లో 758 మంది, ఢిల్లీ, హర్యానాల్లో 637 మంది ఇచ్చిన నమూనాల ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఆంధ్రలో రోజుకు మనిషికి సగటున 9.46 గ్రాముల ఉప్పు, ఉత్తరాదిలో 8.59 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాముల లోపు, అంటే తలకొట్టిన చిన్న చెంచాడు. నలుగురున్న ఇంట్లో ఆ హద్దులో ఉండాలంటే నెలకు అన్నీ కలిపి 600 గ్రాములు మించకూడదు. ఊరగాయ, అప్పడాలు, హోటల్ ఇడ్లీ సాంబారు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ఉప్పు తగ్గిస్తే బీపీ తగ్గుతుందా అన్నదానిమీద ఇప్పుడు పెద్దగా పేచీ లేదు. అమెరికాలో 412 మందికి భోజనం వండిపెట్టి, మూడు మోతాదుల్లో సోడియం ఇచ్చి చూసిన ప్రయోగం 2001లో వెలువడింది. మామూలు అమెరికన్ భోజనంలోనే సోడియం ఎక్కువ మోతాదు నుంచి తక్కువ మోతాదుకు వచ్చేసరికి పై అంకె 6.7 తగ్గింది. పళ్ళు, కూరగాయలు, కొవ్వు తీసిన పాలు ఎక్కువగా ఉన్న భోజనంలో అదే మార్పుకు 3 మాత్రమే తగ్గింది, ఎందుకంటే ఆ భోజనం బీపీని ముందే కొంత దించేసింది. పళ్ళూ కూరల్లో పొటాషియం ఎక్కువ. ఆ మాట మళ్ళీ అక్కరకొస్తుంది.

పేచీ ఉన్నది తర్వాతి మెట్టు దగ్గర. ఉప్పు బాగా తగ్గిస్తే మేలా, కీడా? 17 దేశాల్లో లక్షా రెండు వేల మందిని గమనించిన ప్యూర్ అధ్యయనం 2014లో ఒక ఫలితం ప్రకటించింది. రోజుకు 3 నుంచి 6 గ్రాముల సోడియం, అంటే ఏడున్నర నుంచి 15 గ్రాముల ఉప్పు తినేవాళ్ళకే ప్రమాదం అన్నిటికన్నా తక్కువట. అంతకన్నా ఎక్కువ తినేవాళ్ళలోనే కాదు, తక్కువ తినేవాళ్ళలోనూ మరణాలు ఎక్కువట, అంటే గీత రెండు చివరలా పైకి వంగింది. ఈ లెక్కన ఆంధ్రలో తినే తొమ్మిదిన్నర గ్రాములు క్షేమమే. పత్రికల్లో దీనికి బాగా ప్రచారం వచ్చింది. ఉప్పు మానక్కర్లేదన్న మాట ఎవరికి చేదు?

నాకు ఆ ఫలితం మీద నమ్మకం తక్కువ. అందులో 24 గంటల మూత్రం పట్టలేదు. పొద్దుట ఒక్కసారి తీసిన నమూనా నుంచి సూత్రం వేసి రోజు మొత్తానికి అంచనా కట్టారు. ఆ సూత్రంలో సోడియంతోపాటు వయసు, బరువు, ఎత్తు లాంటివీ ఉంటాయి. అవి స్వయంగా మరణంతో ముడిపడినవే కాబట్టి, అంచనాలోకి అవి దూరితే ఉప్పుకు సంబంధం లేని వంపు ఉప్పు ఖాతాలో పడొచ్చు. రెండోది, ఒంట్లో బాగోలేక తిండి తగ్గినవాళ్ళు ఉప్పూ తక్కువే తింటారు. వాళ్ళు చనిపోతే తప్పు తక్కువ ఉప్పు మీదకి పోతుంది. 24 గంటల మూత్రాన్ని ఒక్కసారి కాక పలుమార్లు పట్టిన ఆరు బృందాలను, 10,709 మందిని కలిపి 2022లో లెక్కిస్తే ఆ వంపు కనపడలేదు. రోజుకు ప్రతి గ్రాము సోడియం పెరిగినప్పుడల్లా గుండె, రక్తనాళాల జబ్బు ముప్పు 18 శాతం పెరుగుతూ పోయింది. కొలత మెరుగుపడితే బొమ్మ మారింది. అయినా ఇదీ గమనించి చెప్పినదే. ఎక్కువ ఉప్పు తినేవాళ్ళు ఇంకా ఎన్నో విషయాల్లో వేరుగా ఉంటారు.

కాబట్టి తిండి మార్చి, పక్షవాతాలను లెక్కపెట్టిన ప్రయోగం కావాలి. అలాంటి పెద్దది ఒకటి చైనాలో జరిగింది. ఉత్తర చైనాలో ఐదు రాష్ట్రాలు, 600 పల్లెలు, 20,995 మంది. వాళ్ళందరికీ అప్పటికే పక్షవాతం వచ్చి ఉండాలి, లేదా అరవై దాటి బీపీ అదుపులో లేకుండా ఉండాలి. ఊరిని ఊరుగా విడదీశారు, ఎందుకంటే ఒకే ఊళ్ళో ఇల్లిల్లూ విడదీస్తే ఉప్పు చేతులు మారుతుంది. సగం ఊళ్ళకు 75 పాళ్ళు సోడియం క్లోరైడు, 25 పాళ్ళు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు ఉచితంగా ఇచ్చారు. మిగతా ఊళ్ళవాళ్ళు ఎప్పటిలా తమ ఉప్పే వాడుకున్నారు. మనిషికి రోజుకు సుమారు 20 గ్రాముల చొప్పున ఇచ్చారు. ఇంటిల్లిపాదికీ, వంటకే కాక నిలవ పెట్టే కూరలకూ సరిపోవాలని అంత ఇచ్చారు. ఊరగాయ జాడీని లెక్కలోకి తీసుకున్న పరిశోధన అన్నమాట.

సగటున 4.74 ఏళ్ళు చూశారు. మామూలు ఉప్పు ఊళ్ళలో ఏడాదికి వెయ్యిమందికి 33.65 పక్షవాతాలు, కలిపిన ఉప్పు ఊళ్ళలో 29.14. అంటే 14 శాతం తగ్గుదల. మరణాలు 44.61 నుంచి 39.28కి దిగాయి, 12 శాతం తగ్గుదల. కిలో ఉప్పు ధర అక్కడ అప్పట్లో మామూలుది 1.08 డాలర్లయితే కలిపినది 1.62 డాలర్లు. ఒక వంట సరుకు మార్చడం వల్ల మరణాలు తగ్గినట్టు ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగాలు పోషకాహార శాస్త్రంలో వేళ్ళమీద లెక్కించాలి.

హద్దులూ చెప్పుకోవాలి. ఆ జనంలో నూటికి 72 మందికి పైగా అంతకుముందే పక్షవాతం చూసినవాళ్ళు. ముప్పై ఏళ్ళ ఆరోగ్యవంతుడికి అంత మేలు కనపడదు, కనపడినా చాలా ఏళ్ళు పడుతుంది. ఏ ఉప్పు వాడుతున్నారో వాళ్ళకు తెలుసు. మేలు సోడియం తగ్గినందువల్ల ఎంత, పొటాషియం పెరిగినందువల్ల ఎంత అని విడదీయడమూ కుదరదు. అమెరికా భోజనంలో పళ్ళూ కూరలూ చేసిన పని గుర్తు చేసుకుంటే, పొటాషియం వాటా తక్కువ కాకపోవచ్చు.

చైనాలోనే 48 వృద్ధాశ్రమాల్లో 1,612 మందితో జరిగిన మరో ప్రయోగం మనకు ఇంకా దగ్గరగా తగులుతుంది. కొన్నిచోట్ల పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చారు. కొన్నిచోట్ల వంటింటికి ఇచ్చే ఉప్పును కొద్దికొద్దిగా తగ్గిస్తూ వెళ్ళారు. 2023లో వచ్చిన ఫలితం ప్రకారం ఉప్పు మార్చినచోట పై అంకె 7.1 తగ్గింది, గుండె, రక్తనాళాల ప్రమాదాలు 40 శాతం తగ్గాయి. ఉప్పు తగ్గించుకుంటూ పోయినచోట బీపీలో తేడానే లేదు. అంతా ఒకే వంటింటి నుంచి తినే చోట కూడా తగ్గింపు పని చేయలేదు. ఇక డాక్టరు ‘ఉప్పు తగ్గించమ్మా’ అని రాసిచ్చిన చీటీ ఇంట్లో ఎంత పని చేస్తుంది?

పడమటి దేశాల దారి మనకు పూర్తిగా నప్పదు. అమెరికాలో సోడియంలో 70 శాతం దాకా ప్యాకెట్ తిండి నుంచీ హోటళ్ళ నుంచీ వస్తుంది. బ్రిటన్ 2003 తర్వాత రొట్టెలు, సూపులు తయారుచేసే కంపెనీలతో ఉప్పు తగ్గింపజేసి, జనం తినేది 2011 నాటికి 9.5 గ్రాముల నుంచి 8.1కి దించింది. మన దగ్గర ఎక్కువ భాగం ఇంట్లో చేత్తో వేసిందే. కంపెనీని కట్టడి చేస్తే మార్పు వచ్చేది కొంతే. వంటింటి డబ్బాలో ఉన్నదాన్ని మార్చడమే దగ్గర దారి, అందుకే కలిపిన ఉప్పు మనకు ఆశ పెడుతోంది. సైంధవ లవణం, నల్లుప్పు, కళ్ళుప్పు ఆ పని చేయవు. వాటిలోనూ ఉన్నది దాదాపు అంతా సోడియం క్లోరైడే. పైగా చాలావాటిలో అయోడిన్ ఉండదు.

నన్ను నిజంగా ఆపేది మూత్రపిండాలు. తిన్న పొటాషియంలో ఎక్కువ భాగాన్ని బయటికి పంపేవి అవే. అవి సరిగ్గా పనిచేస్తే పొటాషియం కలిపిన ఉప్పు ఇబ్బంది పెట్టదు. దెబ్బతింటే రక్తంలో పొటాషియం పేరుకుని గుండె లయ తప్పుతుంది, ఉన్నట్టుండి ప్రాణం పోవచ్చు. 600 పల్లెల ప్రయోగంలో ఆ ప్రమాదం పెరగలేదన్నది నిజమే. కానీ మూత్రపిండాల జబ్బు ముదిరినవాళ్ళనూ, పొటాషియాన్ని ఒంట్లో నిలిపే మందులు వాడేవాళ్ళనూ అందులో చేర్చుకోలేదు. రక్తంలో పొటాషియాన్ని అందరికీ మాటిమాటికీ పరీక్షించనూ లేదు. పరీక్షించిన వృద్ధాశ్రమాల్లో పొటాషియం హద్దు దాటినవాళ్ళు ఎక్కువగానే కనపడ్డారు, ప్రాణనష్టం మాత్రం బయటపడలేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల సంగతి చూస్తే భయం వేస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్ళలో పెద్దవాళ్ళలో సుమారు ఐదింట ఒక వంతుకు మూత్రపిండాల జబ్బు ఆనవాళ్ళున్నాయని సర్వేల్లో తేలింది. వాళ్ళలో చాలామందికి షుగరు లేదు, కారణం ఇప్పటికీ నికరంగా తేలలేదు. జబ్బు ముదిరేదాకా లక్షణాలుండవు కాబట్టి తమకుందని తెలియనివాళ్ళూ ఎక్కువే. అలాంటి చోట రేషన్ షాపులో పొటాషియం ఉప్పు పంచితే ఏమవుతుందో చైనా లెక్కలు చెప్పలేవు. ఉద్దానం బయట కూడా షుగరుతో మూత్రపిండాలు నెమ్మదిగా పాడవుతున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. బీపీకి మన డాక్టర్లు ఎక్కువగా రాసే టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి మందులు కూడా పొటాషియాన్ని కొంత పెంచుతాయి.

2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన మార్గదర్శకం ఈ జాగ్రత్తనే పాటించింది. ఇళ్ళలో మామూలు ఉప్పు బదులు సోడియం తక్కువగా, పొటాషియం ఎక్కువగా ఉన్న ఉప్పు వాడొచ్చని సూచించింది, అదీ షరతులతో. గర్భిణులకు, పిల్లలకు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు ఆ సూచన వర్తించదని స్పష్టంగా చెప్పింది. అంటే ఒకే వంట తినే మన ఇంట్లో అత్తగారికి మంచిదైన ఉప్పు కడుపుతో ఉన్న కోడలి విషయంలో తేలని సంగతి. పళ్ళెం పళ్ళేనికీ వేరే ఉప్పు వేయడం ఏ ఇంట్లో సాగుతుంది?

ఇప్పటి ఆధారాలతో నేను ఇంతవరకు చెప్పగలను. పక్షవాతం వచ్చినవాళ్ళూ, బీపీ ఉన్న పెద్దవాళ్ళూ రక్తంలో క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించుకుని, వాడే మందుల చీటీ డాక్టరుకు చూపించి, సరేనంటే ఉప్పు మార్చుకోవడానికి బలమైన కారణం ఉంది. మిగతా అందరికీ కూరలు, ఆకుకూరలు, పప్పు ఎక్కువగా తింటూ, పచ్చడి జాడీ వైపు వెళ్ళే చెయ్యిని తగ్గించుకోవడం పాత సలహానే అయినా ఆధారం ఉన్న సలహా. ప్రభుత్వం మాత్రం పంపిణీకి ముందు తెలుగు ఊళ్ళలోనే, మూత్రపిండాల పరీక్షను లోపల కలుపుకుని, ఐదేళ్ళు నడిచే ప్రయోగానికి డబ్బు పెట్టాలి. సిద్దిపేట ఏడు పల్లెలు తమ వంతు చేశాయి. పక్షవాతాలు లెక్కపెట్టే పని ఇంకా మిగిలే ఉంది.