శిశూద్యానముల మూఁతయు పునరుద్ధరణమును



సంఘాభ్యుదయమును గూర్చి మాటాడునపుడు మనము ఉన్నతవిద్యను, ఉద్యోగములను, విద్యార్థి వసతిగృహములను దఱచుగాఁ బ్రస్తావింతుము. ఆఱేండ్లు నిండని శిశువును దలఁచువా రరుదు. పునాది భూమిలో నుండుటచేఁ గంటికిఁ గనఁబడదు గదా! అట్టి పునాదియగు శిశుశాల యొకప్పుడు ధనలోపముచేతను, మఱియొకప్పుడు అపోహచేతను మూఁతపడి, మరలఁ దెఱవఁబడిన వృత్తాంతము పరదేశచరిత్రమునఁ గలదు. దానిని విన్నవించి, మన కర్తవ్యమును గూర్చి కొన్ని మాటలు చెప్పెదను.

జర్మనీదేశమున థురింజియా సీమయందలి ఓబెర్‌వైస్‌బాఖ్ గ్రామమున 1782వ సంవత్సరము ఏప్రిలు 21వ తేదీని ఫ్రెడరిక్ ఫ్రోబెల్ జన్మించెను. తండ్రి మతగురువు. బిడ్డకు ఏఁడాదియైన నిండకమునుపే తల్లి గతించెను. సవతితల్లి యాదరణము కొఱవడిన యా బాలుఁడు చెట్టుచేమలయందే మమకారము నిలుపుకొని పెరిగెను. పిమ్మట 1808 మొదలు 1810 వఱకు స్విట్జర్లాండునందు పెస్టలోజీ మహాశయుని సన్నిధిని బోధనపద్ధతులు గ్రహించి, స్వదేశమునఁ బాఠశాల స్థాపించి, తుదకు శైశవమే సర్వవిద్యలకును మూలమని నిశ్చయించెను. 1837లో బ్లాంకెన్‌బుర్గ్ పట్టణమునఁ బనిప్రారంభించి, 1840 జూను 28వ తేదీని తన సంస్థకు 'కిండర్‌గార్టెన్' అని నామకరణము చేసెను. కిండర్ అనఁగా బిడ్డలు, గార్టెన్ అనఁగా తోఁట. ఈ తోఁటలో నుపాధ్యాయుఁడు తోఁటమాలి. మొక్కను పట్టి లాగినచోఁ బెరుగదు. నీరుపోసి, యెండ తగులనిచ్చి, కనిపెట్టుకొని యుండవలయును. పాటలు, ఆటలు, మొక్కల పెంపకము, బంతులు, కొయ్యతోఁ జేసిన గోళములు, ఘనములు, స్తూపములు అచ్చటి పాఠ్యసాధనములు. స్త్రీలకు శిక్షణ మొసఁగి వారినే ఉపాధ్యాయినులఁ గావించుట యా కాలమునకు వింత.

తొలి మూఁత ధనలోపముచే వచ్చినది. ఆదరించు దాతలు చాలకపోవుటచే బ్లాంకెన్‌బుర్గ్ శాల 1844లో నిలిచిపోయెను. ఆ మహనీయుఁడు నిరాశపడక, ఊరూరఁ దిరిగి తన పద్ధతిని వ్యాపింపఁజేసెను.

రెండవ మూఁత యంతకంటె దారుణము. 1848లో జర్మనీయందుఁ బ్రజావిప్లవములు చెలరేఁగి యణఁగినపిదప, పాలకులకుఁ బ్రతి నూతనవిషయమును అనుమానాస్పదమయ్యెను. 1851 ఆగస్టు 7వ తేదీని ప్రష్యా విద్యామంత్రి ఫాన్ రౌమర్, శిశూద్యానములు నాస్తికత్వమును, సామ్యవాదమును బోధించునవని నిందించి, రాజ్యమంతటను నిషేధించెను. ఇందులకు మూలమేమి? ఫ్రోబెల్ అన్నకుమారుఁడగు కార్ల్ ఫ్రోబెల్ స్త్రీవిద్యను, శిశూద్యానములను గూర్చి ప్రకటించిన చిన్నపుస్తకమును బినతండ్రికే యంటఁగట్టుట! ఇంటిపేరొకటి యైనంతమాత్రమున వ్రాసినవాఁ డొకఁడు, శిక్ష ననుభవించినవాఁ డొకఁడు. పొరపాటును దెలిపి వృద్ధుఁడు రాజునకు విజ్ఞాపనము చేసికొన్నను ఫలింపలేదు. 1852 జూను 21వ తేదీని, నిషేధము తొలఁగకమునుపే, ఆతఁడు కీర్తిశేషుఁడయ్యెను. ఆతని సమాధిపై నిలిపినవి ఆ ఘనమును, స్తూపమును, గోళమునే. బిడ్డల యాటవస్తువులే యా గురువునకు స్మారకచిహ్నము లయ్యెను.

అయినను విత్తనములు గాలికెగిరి దూరదేశములఁ బడెను. లండనునందు 1851లో రోంగే దంపతులును, అమెరికాయందలి వాటర్‌టౌనునందు 1856లో మార్గరెత్ షుర్ట్స్ అను సాధ్వియు శిశూద్యానములు నెలకొల్పిరి. 1849లో ఫ్రోబెల్‌ను దర్శించి యాతని పద్ధతిని గ్రహించిన బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్ బ్యూలో అను ప్రభువంశజ, గురువు మరణానంతరము దేశదేశములఁ దిరిగి యుపన్యసించుచు, స్వదేశమునఁ బెద్దల మనస్సులను ద్రిప్పుచు, నిషేధనివారణమునకై పాటుపడెను. 1860లో నిషేధము తొలఁగినది. 1874లో ప్రష్యా రాజధానియగు బెర్లిన్ నగరముననే, ఫ్రోబెల్ బంధువగు హెన్రియెట్ ష్రాడర్ బ్రైమన్ యాజమాన్యమున పెస్టలోజీ ఫ్రోబెల్ గృహము వెలసినది.

కాని యొక్క లెక్క సరిచూడుఁడు. నిషేధమునాఁడు మూఁడేండ్ల బిడ్డ, యది తొలఁగునాఁటికిఁ బండ్రెండేండ్లవాఁడు. తలుపు తెఱవఁబడెను గాని వానికొఱకుఁ గాదు. గుడి పునరుద్ధరింపవచ్చును, సత్రము పునర్నిర్మింపవచ్చును; గడచిన శైశవమునకుఁ బునరుద్ధరణము లేదు.

మన దేశమున గిజూభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరము స్థాపించెను. 1945లో తారాబాయి మోడక్ బోర్డీ గ్రామమునఁ బల్లెబిడ్డల యొద్దకే విద్యను గొనిపోయెను. 1975 అక్టోబరు 2వ తేదీని సమగ్ర శిశు అభివృద్ధి పథకము 33 సమితులలోఁ బ్రారంభమై, అంగన్‌వాడీ పేర గ్రామగ్రామమునకు విస్తరించెను. 2020 మార్చిలో మహమ్మారివలన నీ కేంద్రములన్నియు మూయఁబడెను. నియంత్రణ మండలములు దక్క నితరస్థలములఁ గేంద్రములను దెఱచు విషయమున నా నెలాఖరులోపల నిశ్చయింపుఁడని 2021 జనవరి 13వ తేదీని సర్వోన్నత న్యాయస్థానము రాష్ట్రముల నాదేశించెను. మూఁతకాలమునఁ బెక్కుచోట్ల ఆహారపదార్థములు ఇండ్లకుఁ జేర్పఁబడినవి. ఇంటికి వచ్చిన బియ్యమును బప్పును ఆఁకలి దీర్చును గాని, తోటిబిడ్డల సాంగత్యమును, బరువు తూఁచి యెదుగుదలను గనిపెట్టు కార్యకర్త దృష్టిని దేఁజాలవు.

నాఁటి నిషేధము అపోహచేతను, 2020 నాఁటి మూఁత యారోగ్యరక్షణకొఱకును గలిగినవి. రెండును సమానములని నా యభిప్రాయము గాదు. అయినను బిడ్డకు నష్టమొక్కటే. కావున వదాన్యులారా! మీ గ్రామమున శిశుశాల కురియు కప్పుక్రింద నున్నదేమో విచారింపుఁడు. మన సంఘభవనములు పెండ్లిండ్లు లేని దినములలోఁ దాళములతో నుండుటకంటె బిడ్డల పలుకులతో నుండుట మేలు. అచ్చటికి వచ్చు శిశువును ఏ కులమువాఁడవని యడుగకుఁడు; ఇంటిపేరు చూచి తలుపు మూసినవారి గతి పైనఁ జదివితిరి. సంఘము పేరు నిలుచుట యేకకులమునకే ద్వారము తెఱచుటవలనఁ గాదు, అందఱికిని దెఱచిన ద్వారముపై మన పేరుండుటవలన.

శుభమస్తు.