జో ఆన్ రాబిన్సన్

జో ఆన్ గిబ్సన్ రాబిన్సన్ (1912–1992): అమెరికా నల్లజాతి పౌరహక్కుల ఉద్యమ నాయకురాలు. జార్జియా రాష్ట్రంలో పుట్టారు. 1949లో మాంట్‌గోమరీలోని అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లీషు అధ్యాపకురాలిగా చేరారు. ఆ ఏడాదే, దాదాపు ఖాళీగా ఉన్న సిటీ బస్సులో తెల్లవారికి కేటాయించిన ముందువైపు కూర్చున్నందుకు డ్రైవరు ఆమెపై విరుచుకుపడ్డాడు.

1950లో మహిళా రాజకీయ మండలి అధ్యక్షురాలయ్యారు. మేరీ ఫెయిర్ బర్క్స్ 1946లో స్థాపించిన సంస్థ అది. బస్సుల్లో తీరు మారకుంటే బహిష్కరణ తప్పకపోవచ్చని 1954 మేలోనే మేయరుకు లేఖ రాశారు. బస్సులో తెల్లవారికి సీటు వదలనన్న రోజా పార్క్స్ అరెస్టుకు ఏడాదిన్నర ముందు మాట ఇది.

1955 డిసెంబరు 1న పార్క్స్‌ను అరెస్టు చేశారు. ఆ రాత్రే రాబిన్సన్, ఒక సహోద్యోగి, ఇద్దరు విద్యార్థులు బస్సుల బహిష్కరణకు పిలుపునిచ్చే వేలకొద్దీ కరపత్రాలు కాలేజీ యంత్రంపై సైక్లోస్టైల్ చేశారు. మర్నాడు మండలి సభ్యులు ఊరంతా పంచారు. మార్టిన్ లూథర్ కింగ్ ఉద్యమాన్ని నడిపిన సంఘానికి అధ్యక్షుడైంది డిసెంబరు 5న, బహిష్కరణ మొదలైన రోజున. చరిత్ర పుస్తకాలు చాలాకాలం కథను అక్కణ్ణుంచే ఎత్తుకున్నాయి.

బహిష్కరణ 381 రోజులు సాగింది. రాబిన్సన్ ఆ సంఘం వార్తాలేఖను నడిపారు, తన కారులో జనాన్ని చేరవేశారు. ఆ కారుపై యాసిడ్ పోశారు. ప్రభుత్వ కాలేజీ ఉద్యోగం కావడంతో కావాలనే తెర వెనుక ఉన్నారు. బస్సుల్లో జాతి వేర్పాటును రద్దు చేయించిన బ్రౌడర్ వర్సెస్ గేల్ కేసులో గెలిచిన ఫిర్యాదుదారులు నలుగురూ స్త్రీలే: ఆరేలియా బ్రౌడర్, క్లాడెట్ కొల్విన్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయీస్ స్మిత్. రాబిన్సన్ జ్ఞాపకాల పుస్తకం 1987లో వెలువడింది.