బండి బీమా: చలాన్ కోసమా, హక్ కోసమా?

'బీమా' మన ఇళ్లలోంచి తెలుగులోకి వెళ్లిన మాట. ఫారసీలో 'బీమ్' అంటే భయం. దాంట్లోంచి బీమా పుట్టింది, ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. పత్రికల్లో చాలామంది 'భీమా' అని ఒత్తు పెట్టి రాస్తారు. అది తప్పే అయినా మరీ దూరపు తప్పేం కాదు. ఫారసీ 'బీమ్', సంస్కృతంలోని 'భయం', 'భీమ' ఒకే మూలం నుంచి వచ్చిన చుట్టాలు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాడిని కాబట్టి ఇలాంటి చుట్టరికాలు కనిపిస్తే నాకు ఖుషీ.

మరి బండి బీమాలో ఉన్న భయం ఎవరిది? మన మొహల్లాలో అడిగితే వచ్చే జవాబు ఒకటే: 'పోలీసోళ్లు పట్టుకుంటారు భాయ్.' బీమా లేకుండా దొరికితే మొదటిసారి 2,000 రూపాయలు, రెండోసారి 4,000 జుర్మానా. మూడు నెలల దాకా ఖైదు కూడా పడొచ్చు. ఆ భయంతోనే అన్నిటికంటే చవకైన 'థర్డ్ పార్టీ' కట్టి, కాగితం సీటు కింద పెట్టి మర్చిపోతాం. ఏదైనా హాద్సా జరిగిన రోజు ఆ కాగితం బయటికి తీస్తాం. అప్పుడు మొదలవుతాయి సవాళ్లు. ఇది ఎవరికి వర్తిస్తుంది? నాకేం వస్తుంది? నా భార్యాబిడ్డలకేం వస్తుంది?

ఈ సవాళ్లకు జవాబులు చట్టం పుస్తకంలో ఒక్కరోజులో రాసినవి కావు. ఉర్దూలో 'తారీఖ్' అంటే చరిత్ర. కోర్టు వాయిదా కూడా తారీఖే. బండి బీమా తారీఖ్ చాలావరకు కోర్టు తారీఖుల్లోనే తయారైంది. ప్రతి జవాబు వెనకా ఏదో ఒక ఇంటి జనాజా ఉంది.

ఖూన్‌బహా నుంచి ఖానూన్ దాకా

పొరపాటున ప్రాణం తీస్తే వారిసులకు దియత్ ఇవ్వాలని సూరె నిసా 92వ ఆయత్ చెబుతుంది. మన పెద్దలు దీన్నే ఖూన్‌బహా అంటారు. ఫిక్హ్‌లో దాని కొలత 100 ఒంటెలు. అయితే ఖత్లె ఖతా, అంటే పొరపాటు హత్య అయినప్పుడు, ఆ భారం ఒక్కడి మీదే వేయరు. అతని 'ఆఖిలా', అంటే ఖబీలా వాళ్లు, కలిసి మూడేళ్లలో కడతారు. హజ్రత్ ఉమర్ (రజి.) కాలంలో ఫౌజీల పేర్లు దీవాన్‌లోకి ఎక్కాక, ఒకే దీవాన్‌లో ఉన్నవాళ్లు ఒకరికొకరు ఆఖిలా అయ్యారు. హనఫీ ఫుఖహా దీన్నే ఖుబూల్ చేశారు. పొరపాటు ఒకడిదైనా, పోయినవాడి ఇల్లు రోడ్డున పడకుండా నలుగురూ మోయాలన్నది ఇందులోని ఆలోచన.

ఇంగ్లిష్ ఖానూన్ ఈ దగ్గరికి చాలా ఆలస్యంగా వచ్చింది. 1846 దాకా అక్కడ, ఇంకొకరి తప్పుతో మనిషి చనిపోతే అతని కుటుంబానికి హర్జానా అడిగే హక్ లేదు. కాలు విరిగితే దావా వేయొచ్చు, ప్రాణం పోతే దావా కూడా పోయినట్టే. 1846లో దాన్ని మార్చారు. అదే నమూనాలో 1855లో హిందుస్తాన్‌కు ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్ట్ వచ్చింది. బేవాకు, పిల్లలకు, తల్లిదండ్రులకు హక్ దొరికింది. దొరకనిది డబ్బు. డ్రైవర్ దగ్గర ఏముంటుంది? కోర్టు డిక్రీ ఇచ్చినా అది గోడకు తగిలించుకునే కాగితమే.

బ్రిటన్‌లో మోటార్లు పెరిగి, చావులు పెరిగాక, 1930 రోడ్ ట్రాఫిక్ యాక్ట్ థర్డ్ పార్టీ బీమాను లాజిమీ చేసింది. మన దగ్గర 1939 మోటార్ వెహికిల్స్ యాక్ట్‌లో ఎనిమిదో అధ్యాయంగా అదే వచ్చింది. ఆ అధ్యాయం అమల్లోకి వచ్చింది మాత్రం 1946 జులై 1న. హైదరాబాద్ రియాసత్‌లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది 1932లో. అంటే మన రోడ్ల మీదికి బస్సులు ముందొచ్చాయి, బస్సు కింద పడినవాడి హక్ తర్వాత వచ్చింది.

హక్ పెరిగిన తీరు

మొదట్లో బీమా కంపెనీ బాధ్యతకు హద్దు ఉండేది. సరుకు లారీ అయితే 20,000 రూపాయలు. తర్వాత అది 50,000 అయింది, 1982 సవరణతో లక్షా 50 వేలు అయింది. ఆ 20,000 మొత్తం ప్రమాదానికా, ఒక్కో మనిషికా అనే తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1981లో జాదవ్‌జీ కేశవ్‌జీ మోదీ కేసులో కోర్టు, నష్టపోయిన ఒక్కొక్కరికీ అది విడివిడిగా వర్తిస్తుందని ఫైసలా చెప్పింది. 1988 చట్టం, అమలు 1989 జులై 1 నుంచి, మరణం, గాయాల విషయంలో ఆ హద్దునే తీసేసింది. కోర్టు ఎంత హర్జానా అంటే కంపెనీ అంత కట్టాలి.

1956 దాకా హర్జానా కోసం మామూలు సివిల్ దావా వేయాలి, కోర్టు ఫీజు కట్టాలి. ఆ ఏడాది సవరణతో మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునళ్లు వచ్చాయి. 1982లో ఇంకో అడుగు పడింది. తప్పెవరిదో తేలకముందే మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 ఇవ్వాలన్నారు. 1994లో అవి 50,000, 25,000 అయ్యాయి. 2019 సవరణ తర్వాత, తప్పు రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడిగే దారి ఉంది.

గుద్దిన బండి దొరకకపోతే? 1988 చట్టంలో ఆ కుటుంబానికి 8,500 రూపాయలు మాత్రమే రాశారు. 1994లో 25,000 చేశారు. ఆ తర్వాత 28 ఏళ్లు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. దీనికి కోర్టుకు వెళ్లక్కర్లేదు, రెవెన్యూ అధికారి దగ్గర దర్ఖాస్తు పెట్టుకోవాలి.

మొహల్లా సవాళ్లు, కోర్టు జవాబులు

'థర్డ్ పార్టీ ఉంది కదా, నా బండి రిపేర్ వస్తుందా?' రాదు. ఫస్ట్ పార్టీ మీరు, సెకండ్ పార్టీ కంపెనీ. మీ బండి వల్ల నష్టపోయిన మూడో మనిషి థర్డ్ పార్టీ. ఆ కాగితం ప్రధానంగా అతని కోసం. మీ బండికి రావాలంటే గ్యారేజీ భాషలో 'ఫుల్ ఇన్సూరెన్స్', అంటే ప్యాకేజీ పాలసీ ఉండాలి. 2020 అక్టోబర్ వరదల్లో హాఫిజ్ బాబా నగర్, అల్ జుబైల్ కాలనీ మునిగినప్పుడు ఈ రెండు కాగితాల మధ్య తేడా ఎంతో ఆ గల్లీలకు తెలిసింది. వరద నష్టం ప్యాకేజీలో ఉంటుంది, థర్డ్ పార్టీలో ఉండదు.

'నాకే ఏమైనా అయితే?' దానికి విడిగా పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంది. 2018లో దాన్ని 15 లక్షలకు పెంచారు. అంతకుముందు బైక్ యజమానికి ఉన్నది లక్ష మాత్రమే. కానీ ఇది ఆర్‌సీలో పేరున్న, లైసెన్స్ ఉన్న యజమానికే. రోజు కిరాయికి ఆటో తీసుకొని నడిపేవారి పేరు ఆ ఆర్‌సీలో ఉండదు. నడిపేది ఆయన, కవర్ ఇంకొకరికి.

'దోస్తు బైక్ తీసుకెళ్లి పడిపోతే?' 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు, అడిగి తీసుకున్న బండి నడిపేవాడు యజమాని స్థానంలోకి వచ్చినట్టే, థర్డ్ పార్టీ కాడు అంది. వెనక కూర్చున్నవాళ్ల సంగతి 2006 తిలక్ సింగ్ కేసులో తేలింది. ఉత్త థర్డ్ పార్టీ పాలసీలో వాళ్లకు రక్షణ లేదు. ప్యాకేజీ పాలసీలో ఉంటుందని 2012లో ఇంకో ఫైసలా వచ్చింది. బైక్ వెనక మన ఇళ్లలో కూర్చునేది ఎవరు? అమ్మీ, భార్య, పిల్లలు. ప్యాకేజీకి, థర్డ్ పార్టీకి తేడా డబ్బులు లెక్కపెట్టేటప్పుడు ఈ మాట యాద్ పెట్టుకోండి.

'డ్రైవర్‌కు లైసెన్స్ లేదు, కంపెనీ చేతులెత్తేస్తుందా?' 1987 స్కాండియా కేసులో లారీ డ్రైవర్ ఇంజిన్ ఆన్‌లో పెట్టి దిగిపోతే, లైసెన్స్ లేని క్లీనర్ నడిపి ఒక ప్రాణం తీశాడు. యజమాని కావాలని షరతు తప్పలేదు కాబట్టి కంపెనీ కట్టాల్సిందే అంది కోర్టు. 2004 స్వరణ్ సింగ్ కేసులో ఇది ఇంకా సాఫ్ అయింది. నకిలీ లైసెన్స్ అయినా, యజమాని నిర్లక్ష్యాన్ని కంపెనీయే రుజువు చేయాలి. రుజువైనా బాధితుడికి ముందు కట్టమని, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టు చెప్పొచ్చు. పర్మిట్ లేని బండికీ 2018లో ఇదే దారి చూపించారు. అంటే బాధితుడి ఇల్లు బతుకుతుంది, యజమాని ఇల్లు అమ్ముడుపోవచ్చు.

'కారు లైసెన్స్‌తో ట్రాన్స్‌పోర్ట్ బండి నడపొచ్చా?' కంపెనీలు ఏళ్ల తరబడి ఈ ఒక్క సాకుతో క్లెయిములు ఎగ్గొట్టాలని చూశాయి. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసు, 2024 నవంబర్ 6న ఐదుగురు జడ్జీల ధర్మాసనం, రెండూ ఒకటే చెప్పాయి. మొత్తం బరువు 7,500 కిలోలు మించని బండిని లైట్ మోటార్ వెహికిల్ లైసెన్స్‌తో నడపొచ్చు.

'బండి అమ్మేశాను, సేల్ లెటర్ ఉంది, నాకేం సంబంధం?' ఆర్‌సీలో మీ పేరున్నంతకాలం ఉంది. 2018 నవీన్ కుమార్ కేసులో కోర్టు చెప్పింది అదే. బండి ఎన్ని చేతులు మారినా, రికార్డులో ఉన్నవాడే యజమాని. ఫారం 29, 30 నింపి ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా తాళం చెవితో పాటు జిమ్మేదారీ పోదు.

'బరాత్‌కు డీసీఎం మాట్లాడుకున్నాం, పర్వాలేదా?' సరుకు బండిలో సరుకు యజమాని, అతని మనిషి తప్ప, ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా రక్షణ లేదు. 2002 ఆశా రాణి కేసు తర్వాత ఇందులో షక్ లేదు. షాదీకి బస్సే మాట్లాడుకోండి.

'ఆర్టీసీ బస్సుకు ఇన్సూరెన్సే ఉండదట?' సొంత నిధి పెట్టుకుంటే ప్రభుత్వ రవాణా సంస్థలకు మినహాయింపు ఇవ్వొచ్చని చట్టమే చెబుతుంది. అలాంటప్పుడు సంస్థ మీదే ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయాలి.

ఒక ప్రాణానికి లెక్క

రాజీ మాట్లాడే పెద్దమనుషులు 'రెండు లక్షలిప్పిస్తాం, కేసు వద్దు' అని జనాజా లేచిన మూడో రోజే వస్తారు. సంతకం పెట్టేముందు ఈ లెక్క చూడండి. 35 ఏళ్ల మెకానిక్, నెలకు 15,000 కమాయి. ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లలు, తల్లి. సొంత పని చేసుకునేవాడికి కూడా 40 ఏళ్ల లోపైతే భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలని 2017 ప్రణయ్ సేఠీ ఫైసలా. అంటే 21,000. ఏడాదికి 2,52,000. ఆధారపడినవాళ్లు ఐదుగురు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. 2009 సరళా వర్మ ఫైసలా ప్రకారం ఆ వయసుకు 16తో గుణిస్తే 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వగైరా దీనికి అదనం. కమాయి రుజువు చేయడం, తప్పు ఎవరిదో తేలడం మీద ఇది తగ్గొచ్చు, పెరగొచ్చు. కానీ రెండు లక్షలకూ దీనికీ ఉన్న దూరం చూశారు కదా.

జాయిజా, నాజాయిజా

ఈ మసలా పాతదే. దమిష్క్‌కు చెందిన హనఫీ ఫఖీహ్ ఇబ్న్ ఆబిదీన్, 1836లో వఫాత్ అయిన ఆయన, ఓడ సరుకుకు వ్యాపారులు చేయించే బీమా గురించి రాసి, పోయిన సరుకుకు బదులు సొమ్ము తీసుకోవడం జాయిజ్ కాదన్నారు. 1985లో జిద్దాలో కూర్చున్న అంతర్జాతీయ ఫిక్హ్ అకాడమీ, వాణిజ్య బీమాలో గరర్ ఉందని కాదని, ఒకరికొకరు తోడుపడే సహకార బీమాను ఖుబూల్ చేసింది. దాన్నే తకాఫుల్ అంటున్నారు. మన దేశంలో ఆ దారి ఇంకా తెరుచుకోలేదు. ఖానూన్ లాజిమీ చేసిన థర్డ్ పార్టీ కట్టక తప్పదన్నది ఎందరో ఉలమా చెప్పే మాట.

నేను ముఫ్తీని కాను. ప్యాకేజీ గురించి, వచ్చే సొమ్ము గురించి మీ ఆలిమ్‌ని అడగండి. కానీ తొందరగా అడగండి. 'ఆ డబ్బు మనకొద్దు' అని ఊరుకున్న ఇళ్లను రిపోర్టింగ్‌లో చూశాను. అక్కడ ఎవరూ ఏ ఆలిమ్‌నీ అడగలేదు, మరిది ఒక మాట అన్నాడంతే. యతీమ్ పిల్లల హక్ అలా పోయింది. 2019 సవరణ క్లెయిమ్‌కు ఆరు నెలల గడువు పెట్టింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. దాన్ని సవాల్ చేసిన కేసులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఆ ఫైసలా ఏదైనా, మన దర్ఖాస్తు ఆరు నెలల లోపే పడాలి. ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. అది గడిచేసరికి మిగిలేది రెండు నెలలు కూడా కాదు. ఆ లోపల ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు, బండి నంబరు, కమాయి కాగజాత్ తెచ్చిపెట్టడం ఆ ఇంటి మగవాళ్ల ఫర్జ్ అనుకోండి.

ఇక మన బండి సంగతి. మన తప్పు వల్ల రేపు ఏ ఇంట్లో మాతం జరిగినా, ఆ ఇంటికి మనం బాకీ. ఆ బాకీ హుకూకుల్ ఇబాద్‌లోది. బాధితులు మాఫ్ చేస్తే తప్ప తీరనిది. థర్డ్ పార్టీ కాగితం మీద గడువు తేదీ ఉంటుంది. ఈ రాత్రి సీటు కింద నుంచి తీసి ఒకసారి ఆ తేదీ చూడండి.