తూముకుంటలో ఒక స్ట్రోకు

షెడ్డు గడప దాటకముందే అదురు మీ అరికాళ్లకు ఎక్కుతుంది. హిందూపురం పక్కన తూముకుంట పారిశ్రామికవాడ, ఉదయం షిఫ్టు. లోపల వరసగా పవర్ ప్రెస్సులు, నూనె వాసన, బూట్ల కింద కరకరమనే స్క్రాపు.

చివరి ప్రెస్ దగ్గర ఆగండి. స్టూలు మీద కూర్చున్న కుర్రాడిది ధర్మవరం. రోజూ రైల్లో పెనుకొండ మీదుగా వస్తాడు. ఇంట్లో గుంటమగ్గం. కాలు తొక్కుతుంటే చేయి నాడె ఆడించడం చూస్తూ పెరిగాడు. పోగు తెగితే వేలు దానంతటదే అక్కడికి పోతుంది. నేసేవాడు ఆగితే మగ్గమూ ఆగుతుంది కాబట్టి భయం లేదు. ఇక్కడా కాలి కింద పెడల్ ఉంది, చేతి ముందు రేకు ఉంది. ఒంటికి రెండూ ఒకే రకం పనిగా తోస్తాయి. చిక్కంతా అక్కడే.

పెడల్ తొక్కాడు. ధన్! రేకును కొట్టే రామ్ దిగి లేచింది. వెనక ఫ్లైవీల్ చూడండి, అది ఎప్పుడూ తిరుగుతూనే ఉంది. పెడల్ తొక్కితే ఒక కీ పడి, ఆ చక్రాన్ని క్రాంక్ షాఫ్ట్‌కు తగిలిస్తుంది. ఒకసారి తగిలితే చుట్టు పూర్తయ్యేదాకా విడదు. మధ్యలో కాలు తీసినా, ఎర్ర బటన్ గుద్దినా, మోటారు ఆపినా రామ్ కిందికి వచ్చే తీరుతుంది. కీ అరిగిందో, స్ప్రింగు విరిగిందో, ఒక్క తొక్కుకు రెండో దెబ్బ కూడా పడొచ్చు. ముక్క తీయడానికి చేయి లోపలికి పోయేది సరిగ్గా అప్పుడే.

"ఏమప్పా, దీనికీ లైట్ కర్టెన్ పెట్టించేద్దామా?" యజమాని ప్రెస్సులు సరిచేసే సెట్టర్‌ను అడుగుతున్నాడు.

"ఏం లాభం సార్? లైటు చెయ్యిని చూస్తాది, మిషన్ మాట వినాల గదా."

ఈ ముక్క చాలామంది కొనుగోలుదారులకు ఎవరూ చెప్పరు. పోనీ రెండు చేతుల బటన్లు? లెక్క వేయండి. ప్రెస్ నిమిషానికి 60 స్ట్రోకులది, కీ పడే చోటు ఒక్కటే అనుకుందాం. నొక్కినప్పుడు ఆ చోటు కొద్దిలో తప్పిపోతే మరో పూర్తి చుట్టు ఆగాలి, ఆపైన రామ్ దిగడానికి అర చుట్టు. మొత్తం ఒకటిన్నర సెకను. చేయి సెకనుకు 1.6 మీటర్లు కదులుతుందని ప్రమాణం. అంటే బటన్లు డైకి (కింది అచ్చుకు) 2.4 మీటర్ల దూరంలో ఉండాలి. అంత దూరాన నిలబడి ఈ షెడ్డులో ఎవరు పని చేస్తారు?

పక్క ప్రెస్ దగ్గరికి రండి, దీనికి గాలితో పనిచేసే క్లచ్, బ్రేకు ఉన్నాయి. సెట్టర్ ఒక కర్ర ముక్కను దీని లైట్ కర్టెన్, అంటే కాంతి తెరలోకి పెట్టాడు. రామ్ సగంలోనే ఆగింది! ఆగడానికి సెకనులో ఐదో వంతు పడితే, ఆలోపు చేయి డైని చేరలేనంత ఎడంగా తెర ఉండాలి. బ్రేకు లైనింగు అరిగేకొద్దీ ఆ సమయం పెరుగుతుంది కాబట్టి అప్పుడప్పుడూ కొలిచి చూడాలి. దీని రెండు బటన్లూ అర సెకను తేడాలోపు నొక్కితేనే స్ట్రోకు పడుతుంది. ఒకదాన్ని గుడ్డతో కట్టేసి ఒంటిచేత్తో నడిపే తెలివిని ఆపడానికే ఆ అర సెకను.

ఇక్కణ్నించి ఉత్తరానికి పోతే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ, 2019లో దేశంలో తయారైన మొదటి సెల్టోస్ కారు వచ్చింది అక్కణ్నించే. కార్ల డోర్లు, బానెట్లు కొట్టే పెద్ద ప్రెస్ లైన్లలో రేకును యంత్రాలే అందిస్తాయి. అరచేతిలో ఇమిడే బ్రాకెట్టు కొట్టే చోటే ఇంకా చేయి కావలసి వస్తోంది.

మళ్లీ పాత ప్రెస్ దగ్గరికి. దీనికి మిగిలింది ఇనుప జాలీ గార్డు ఒక్కటే. రేకు పట్టీ దూరేంత సందు చాలు, అది 6 మిల్లీమీటర్లు దాటితే వేలు కూడా దూరుతుంది. అరచేతులు, వేళ్లు ఎంత విలువో 1923 నాటి పరిహార చట్టంలో పట్టికే ఉండేది: చూపుడు వేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో 14 శాతం నష్టం, బొటనవేలు పోతే 30. అప్పట్లో గార్డు పెట్టమన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్. నన్నడిగితే, ముందు ఆ సెక్షన్ పాటించి ఉంటే చాలు, పట్టిక తెరవక్కర్లేకపోయేది.

మోటారు ఆపారు. ఫ్లైవీల్ ఇంకా తిరుగుతోంది, పూర్తిగా ఆగేదాకా సెట్టర్ చేయి పెట్టలేదు. రామ్ కింద ఇనుప దిమ్మె నిలబెట్టాకే గార్డు ఎత్తి పెట్టాడు. కుర్రాడు తలగోక్కున్నాడు.

"అన్నా, ఇది పెడితే గంటకు ముక్కలు తగ్గుతాయే. నా కూలి?"

ముక్కల లెక్కన డబ్బులిచ్చే చోట గార్డు వారం నిలవదు. యజమాని గోడ మీది ఉత్పత్తి బోర్డు వైపు చూశాడు. సెట్టర్ స్పానర్ కింద పెట్టేశాడు.

"ముందు రేటు సంగతి తేల్చండి సార్. బోల్టులు ఆ తర్వాత బిగిస్తా."