సీడీ నుంచి సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంటే కంప్యూటర్ హ్యాంగ్ అవుతోందా? ఫార్మాట్ కంటే ముందు ఇవి చూడండి

కిందటి సెలవుల్లో విజయవాడ వెళ్లినప్పుడు మా అత్తయ్యగారు పిల్లల కోసం తెలుగు అక్షరాలు నేర్పే పాత సీడీ ఒకటి బీరువాలోంచి తీసి ఇచ్చారు. మస్కట్ తిరిగొచ్చాక ఇంట్లో డెస్క్‌టాప్‌లో పెడితే ఇన్‌స్టాలేషన్ 62 శాతం దగ్గర ఆగిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ అక్కడే. మౌస్ కదులుతోంది కానీ ఏది నొక్కినా పలకదు. షాపులో చూపిస్తే "విండోస్ పాడైంది, ఫార్మాట్ చేయాలి" అన్నారు.

ఆ కంప్యూటర్‌లో మా తొమ్మిదేళ్ల ఫొటోలున్నాయి. మా మామయ్యగారు ఇప్పుడు లేరు. ఆయన మా పాపను మొదటిసారి ఎత్తుకున్న ఫొటో కూడా అందులోనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. అందుకని కంప్యూటర్‌ని ఇంటికి తెచ్చేసి ఒక్కొక్కటే పరీక్షించుకుంటూ వచ్చాను. తప్పు విండోస్‌ది కాదని తేలింది. ఇలాంటి ఇబ్బంది మీకూ వస్తే పనికొస్తుందని ఆ వరుసలోనే రాస్తున్నాను.

1. ముందు ఫొటోలు, తర్వాతే రిపేరు

హ్యాంగ్ అవడం ఒక్కోసారి హార్డ్ డిస్క్ పాడవుతోందనడానికి మొదటి గుర్తు. కాబట్టి ఏ ప్రయోగమైనా చేసే ముందు ఫొటోలు, పాస్‌పోర్ట్ స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు వేరే ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి కాపీ చేసుకోండి. ఈ కాపీ కూడా మధ్యలో ఆగుతుంటే, లేదా కంప్యూటర్ లోపల టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే అనుమానం హార్డ్ డిస్క్ మీదే. అప్పుడు ఇన్‌స్టాలేషన్ సంగతి పక్కన పెట్టి, ముఖ్యమైనవి ముందు కాపీ చేసి, డిస్క్ మార్పించండి.

2. నిజంగా ఆగిందా, నెమ్మదిగా నడుస్తోందా?

కీబోర్డ్ మీద క్యాప్స్ లాక్ నొక్కండి. దీపం వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ బతికే ఉంది, ఇన్‌స్టాలేషన్ మాత్రమే ఇరుక్కుంది. ఆల్ట్, ట్యాబ్ కలిపి నొక్కి చూడండి. "అనుమతిస్తారా?" అనో, "రెండో డిస్క్ పెట్టండి" అనో అడిగే చిన్న కిటికీ వెనకాల దాక్కుని ఉండొచ్చు. ఏమీ లేకపోతే అరగంట ఓపిక పట్టండి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అక్కడ ఇన్‌స్టాలేషన్ ఆపేయండి. దేనికీ పలక్కపోతేనే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. నేరుగా ప్లగ్ పీకొద్దు.

3. డిస్క్‌ని చూడండి

డ్రైవ్ గిర్రున తిరిగి, ఆగి, మళ్లీ తిరుగుతుంటే అది చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందని అర్థం. డిస్క్ తీసి లైటుకి ఎదురుగా పట్టుకోండి. మెరిసే వైపు సన్నటి గీతలుంటే చాలాసార్లు ఫరవాలేదు. సీడీకి అసలు ప్రమాదం పేరు ముద్రించిన వైపు గీతలతో. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. సమాచారం ఉండే పొర పైవైపున, పేరు కిందే, పల్చటి పూత చాటున ఉంటుంది. అక్కడ పొర లేచిపోతే ఇక చేసేదేమీ లేదు. డీవీడీలో ఆ పొర రెండు పలకల మధ్యలో ఉంటుంది కాబట్టి పైవైపు కాస్త భద్రం.

మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచు వైపుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవకండి. సమాచారం గుండ్రంగా చుట్టలు చుట్టుకుని ఉంటుంది కాబట్టి గుండ్రటి గీత పడితే ఒకేచోట ఎక్కువ సమాచారం పోతుంది. టూత్‌పేస్ట్‌తో రుద్దమని చెబుతుంటారు, వద్దు.

"ఇండియా డిస్క్ ఇక్కడ పనిచేయదు" అనే మాట కూడా వింటుంటాం. ఆ ప్రాంతాల కోడ్ సినిమా డీవీడీలకే, సాఫ్ట్‌వేర్ డిస్క్‌లకు ఉండదు.

4. అసలు పరీక్ష: డిస్క్‌లోవన్నీ కాపీ చేయండి

డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్ తెరిచి, డిస్క్‌లోని ఫైళ్లన్నీ అందులోకి కాపీ చేయండి. వ్యూ మెనూలో దాచిన ఫైళ్లు కూడా కనిపించేలా పెట్టుకోండి. తప్పు డిస్క్ వైపుందా, కంప్యూటర్‌లో ఉందా అనేది ఇక్కడే తేలుతుంది.

కాపీ మధ్యలో ఆగితే తప్పు డిస్క్‌ది గానీ డ్రైవ్‌ది గానీ. అదే డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడ చదివితే మీ డ్రైవ్‌ది తప్పు, అక్కడా ఆగితే డిస్క్‌ది. కాపీ పూర్తయితే ఆ ఫోల్డర్‌లోంచే సెటప్ నడపండి. కొన్ని ప్రోగ్రాములు మాత్రం నడిచేటప్పుడు అసలు డిస్క్ డ్రైవ్‌లో ఉండాలంటాయి.

ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ డ్రైవ్ తగిలించి వాడేవాళ్లు హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులే. కరెంటు చాలకపోతే డ్రైవ్ వేగం అందుకునేటప్పుడే ఆగిపోతుంది. తీగకి రెండు ప్లగ్గులుంటే రెండూ పెట్టండి.

5. కాపీ బాగానే అయి, ఇన్‌స్టాలేషన్ మాత్రం ఆగుతుంటే

- ఖాళీ చోటు: సీ డ్రైవ్‌లో ప్రోగ్రాముకి కావలసినదానికి రెండింతలైనా ఉండాలి. ముందు తాత్కాలిక ఫైళ్లుగా విప్పుకుని, ఆ తర్వాత ఎక్కించుకునే సెటప్‌లు చాలా ఉన్నాయి.
- యాంటీవైరస్: డిస్క్ నమ్మకమైనదైతేనే, ఇంటర్నెట్ తీసేసి, ఆ కాసేపూ ఆపండి. పని కాగానే మళ్లీ పెట్టడం మరవొద్దు.
- పాత ప్రోగ్రాము: సెటప్ ఫైలు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ కింద పాత విండోస్ ఎంచుకోండి. 16 బిట్ కాలం నాటి సెటప్‌లు 64 బిట్ విండోస్‌లో నడవవు. సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉన్న పాత గేమ్ డిస్క్‌లు విండోస్ 10లో పనిచేయవు. వాటితో కుస్తీ పట్టి లాభం లేదు.
- వేడి, దుమ్ము: గల్ఫ్‌లో ఉండేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ప్లగ్ తీసేసి, ఫ్యాను చుట్టూ పేరుకున్న దుమ్ము బ్రష్‌తో దులపండి.
- ర్యామ్: స్టార్ట్ మెనూలో విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్ అని ఇంగ్లీషులో వెతికి నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, ర్యామ్‌లో తప్పుంటే చెబుతుంది.

ఇవన్నీ చూశాక కూడా ఆగుతుంటే అప్పుడు ఫార్మాట్ గురించి ఆలోచించండి, అదీ ఫొటోల కాపీ చేతిలో ఉన్నాకే.

మా ఇంట్లో ఏం తేలిందంటే, కాపీ చేస్తుంటే ఒకే ఫైలు దగ్గర ఆగింది. పక్క ఫ్లాట్ మలయాళీ ఆవిడ ల్యాప్‌టాప్‌లో పెడితే మొత్తం చదివింది. పెన్ డ్రైవ్‌లో తెచ్చుకుని ఎక్కిస్తే పది నిమిషాల్లో అయిపోయింది. పాడైంది పాత సీడీ డ్రైవ్, అంతే! షాపు మాట విని ఫార్మాట్ చేసి ఉంటే ఫొటోలు పోయేవి, ఇన్‌స్టాలేషన్ మళ్లీ అదే 62 దగ్గర ఆగేది.

ఇప్పుడు పాప రోజూ సాయంత్రం "అ, ఆ" దిద్దుతోంది. ఫొటోలు రెండు డిస్క్‌ల్లో ఉన్నాయి. ఒకటి మా దగ్గర, ఒకటి విజయవాడలో అత్తయ్యగారి బీరువాలో, సీడీ ఇన్నాళ్లూ ఉన్న చోటే.